ఏ ఊళ్లో దిగాలి? చిన్న ఊళ్ల ప్రేమ నవలల్లో మీకు నప్పేదాన్ని ఎంచుకోవడం

పెద్ద నగరంలో మనసు విరిగిన అమ్మాయి సామానంతా కారులో వేసుకుని చిన్న ఊరికి వస్తుంది. వచ్చిన వారంలోపే ఊరందరికీ ఆమె పేరు తెలిసిపోతుంది. ఎవరితోనూ పెద్దగా మాట్లాడని ఒక మగవాడు ఆమె ఇంటి కప్పో కారో బాగుచేస్తాడు. మూడు వందల పేజీల తరువాత ఇద్దరూ ఒకటవుతారు. ఇంగ్లీషులో వస్తున్న చిన్న ఊళ్ల ప్రేమ నవలల్లో చాలావాటి కథ ఇదే. అట్టల మీద కూడా అవే దుకాణాలు, అవే చెట్లు, అవే దీపాల తోరణాలు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఏది తీయాలో తోచదు. పాఠకుల అభిప్రాయాలు చూద్దామంటే ఒకే పుస్తకానికి ఒకరు అయిదు నక్షత్రాలు ఇస్తారు, మరొకరు ఒక్కటే ఇచ్చి యాభయ్యో పేజీ దగ్గర వదిలేశానంటారు.

స్నేహితులం, బంధువులం కొందరం కలిసి నెలకో నవల చదువుతాం. సగం మంది హైదరాబాదు, విజయవాడల్లో ఉంటారు, మిగతావారు అమెరికాలో. గంభీరమైన నవలల మీద కూడా మేము ఇంతగా వాదించుకోలేదు. ఆ వాదనలు విన్నాక నాకు ఒక నమ్మకం కుదిరింది. ఈ నవల నచ్చడమూ నచ్చకపోవడమూ నాయికానాయకుల కంటే ఊరి మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఆ ఊరు కొత్తగా వచ్చిన ఆడమనిషిని ఎలా చూస్తుంది? ఆ చూపు మీకు హాయిగా ఉంటుందా, ఊపిరాడకుండా చేస్తుందా? దీనికి జవాబు తెలిస్తే సగం ఎంపిక అయిపోయినట్టే.

ముగింపు గురించి బెంగ అక్కర్లేదు. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా సంస్థ ఇచ్చిన నిర్వచనంలోనే రెండు షరతులున్నాయి: కథకు ప్రేమ కేంద్రంగా ఉండాలి, ముగింపు మనసుకు తృప్తినిస్తూ ఆశాజనకంగా ఉండాలి. చివరికి కల్యాణమే అని తెలిసి కూడా మన పెద్దలు సీతారామ కల్యాణం హరికథకు తెల్లవార్లూ కూర్చునేవారు. ఇక్కడా ఆసక్తి దారిలోనే ఉంది.

ముందు తేల్చుకోవలసినవి

మొదటిది ఊరి చూపు. ‘నలుగురు ఏమనుకుంటారు’ అనే మాట వింటూ పెరిగిన మనకు ఈ నవలలు వింతగా తగులుతాయి. ఇక్కడ ఆ నలుగురే వండిన గిన్నెలు పట్టుకుని గుమ్మంలోకి వస్తారు. విడాకులు తీసుకున్న స్త్రీని, ఒంటరి తల్లిని పేరు పెట్టి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంటారు. మా బృందంలో ఒకామె దాన్ని చదివి కళ్లనీళ్లు పెట్టుకుంది. పల్లెటూళ్లో కోడలిగా ఇరవయ్యేళ్లు గడిపిన మరొకామెకు అదే పుస్తకం చిరాకు తెప్పించింది. ‘పొరుగువాళ్లు తలుపు తట్టకుండా లోపలికి వస్తే ఇంత మురిపెమా?’ అని అడిగింది. కుండ మూతికి మూకుడు వేయగలం కానీ లోకం మూతికి వేయలేమని తెలిసినవారి ప్రశ్న అది. ఇద్దరి మాటా నిజమే. మీరు ఎటువైపో మీకే తెలియాలి.

రెండోది శృంగారం ఎంత విపులంగా ఉంటుందన్నది. అట్ట చూసి దీన్ని అంచనా వేయలేం. ఒకప్పుడు అట్ట మీద కౌగిలించుకున్న జంట ఉంటే లోపల సంగతి తెలిసేది. ఇప్పుడు బొమ్మల పుస్తకంలాంటి అట్టల వెనుక కూడా పూర్తిస్థాయి సన్నివేశాలు ఉంటున్నాయి. అమ్మకో, పదో తరగతి చదివే అమ్మాయికో కొనిచ్చేవారు ఇది తప్పక చూసుకోవాలి.

మూడోది నాయకుడి కోపం. ఈ కథల్లో ముక్కోపి నాయకులు ఎక్కువ. ముక్కోపితనం మాటల్లో ఆగుతుందా, ఆమె నిర్ణయాలు కూడా అతనే తీసుకునేదాకా వెళ్తుందా అన్నది పాఠకులను రెండుగా చీలుస్తుంది.

ఇక మిగిలినవి చిన్నవి: వరుసలో ఎన్ని పుస్తకాలున్నాయి, దుఃఖం పాలు ఎంత, ఇంగ్లీషు ఎంత సులువు. తెలుగు మాధ్యమంలో చదివి ఇప్పుడిప్పుడే ఇంగ్లీషు నవలలు మొదలుపెట్టేవారికి చివరి ప్రశ్న చాలా ముఖ్యం.

| ఊరు | మొదటి పుస్తకం, ఏడాది | ఊరి చూపు | శృంగారం | ఇంగ్లీషు |
|---|---|---|---|---|
| వర్జిన్ రివర్ | వర్జిన్ రివర్, 2007 | ఆదుకునేది, కాస్త పెత్తనం చేసేది | మధ్యస్థం | సులువు |
| సీడర్ కోవ్ | 16 లైట్‌హౌస్ రోడ్, 2001 | అందరి ఇళ్లలోనూ ఉండేది | దాదాపు లేదు | చాలా సులువు |
| బూన్స్‌బొరో | ది నెక్స్ట్ ఆల్వేస్, 2011 | పని పంచుకునేది | మధ్యస్థం | సులువు |
| నాకెమౌట్ | థింగ్స్ వి నెవర్ గాట్ ఓవర్, 2022 | మొదట కోపం, తరువాత కాపలా | చాలా విపులం | యాస, తిట్లు |
| డ్రీమ్ హార్బర్ | ది పంప్‌కిన్ స్పైస్ కెఫే, 2023 | ముద్దుచేసేది | అట్ట చెప్పినదానికంటే ఎక్కువ | సులువు |
| సన్‌షైన్ ఫాల్స్ | బుక్ లవర్స్, 2022 | పట్టించుకోనిది | మధ్యస్థం | మాటల చమత్కారం, కష్టం |
| రేవెన్స్‌వుడ్ | ఎ గర్ల్ లైక్ హర్, 2018 | వేలెత్తి చూపేది | చాలా విపులం | మధ్యస్థం |

వర్జిన్ రివర్

రాబిన్ కార్ సృష్టించిన ఈ ఊరు ఉత్తర కాలిఫోర్నియా కొండల్లో, రెడ్‌వుడ్ చెట్ల మధ్య ఉంటుంది. జనాభా 600. లాస్ ఏంజెలెస్‌లో నర్సుగా, మంత్రసానిగా పనిచేసిన మెల్, భర్త హత్యకు గురయ్యాక అక్కడ ఉద్యోగానికి వస్తుంది. ఇస్తామన్న ఇల్లు పాడుబడి ఉంటుంది. ముసలి డాక్టరు ఆమె సాయం తనకు అక్కర్లేదంటాడు. వెనక్కి వెళ్లిపోదామనుకుంటున్న పొద్దున డాక్టరు గుమ్మంలో ఎవరో వదిలేసిన పసికందు కనిపిస్తుంది. ఆమె ఆగిపోతుంది.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చింది పని. మెల్ పురుళ్లు పోస్తుంది, గాయాలకు కుట్లు వేస్తుంది, గర్భిణులతో తగాదా పడుతుంది. ఊరు ఆమెను ప్రేమించడానికి కారణం ఆమె మంచితనం ఒక్కటే కాదు, ఆమె లేకపోతే అక్కడ ప్రాణాలు పోతాయి. డాక్టరు లేని పల్లె ఎలా ఉంటుందో తెలిసిన తెలుగు పాఠకులకు ఈ భాగం గుండెకు తగులుతుంది. నాయకుడు జాక్ మెరైన్స్‌లో పనిచేసి వచ్చి బార్ నడుపుతుంటాడు. ఓపికగలవాడు. అరవడు. ఆమె దుఃఖం తీరేదాకా పక్కనే ఉంటాడు.

ఫిర్యాదులు కూడా న్యాయమైనవే. ఇరవైకి పైగా పుస్తకాలున్న ఈ వరుసలో సైన్యం నుంచి వచ్చిన మగవాళ్లు మరీ ఎక్కువ. ప్రేమలో పడిన ప్రతి స్త్రీ త్వరలోనే గర్భవతి అవుతుందన్న మాట తరచు వినిపిస్తుంది. రెండో పుస్తకంలో భర్త చేతిలో దెబ్బలు తిని పారిపోయి వచ్చిన తల్లి కథ, మూడో పుస్తకంలో అత్యాచారం నుంచి కోలుకుంటున్న స్త్రీ కథ ఉన్నాయి. హాయిగా నిద్రపోయే ముందు చదువుకుందామనుకునేవారు ఇది తెలిసి తీసుకోవాలి. 2019లో మొదలైన నెట్‌ఫ్లిక్స్ ధారావాహిక చూసి వచ్చేవారికి ఇంకో మాట: మెల్ భర్త మరణం నుంచి, ఆమెను ఉద్యోగానికి పిలిపించిన హోప్ పాత్ర దాకా చాలా మార్చారు. రెండూ ఒకటే అనుకుంటే నిరాశ తప్పదు.

సీడర్ కోవ్

మా బృందంలో వయసు మళ్లినవారందరూ ముక్తకంఠంతో ఎంచుకున్నది ఇదే. డెబీ మాకోంబర్ తాను ఉండే పోర్ట్ ఆర్చర్డ్ అనే ఊరిని చూసి దీన్ని రాశారు. అది వాషింగ్టన్ రాష్ట్రంలో, సియాటిల్‌కు నీటి అవతల ఉంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్‌లలో ఉండే తెలుగువారు ఫెర్రీలో బ్రెమర్టన్ దాకా వెళ్లి అక్కడ చిన్న పడవ మారితే చేరుకోవచ్చు. మా వదిన ఒక ఆదివారం వెళ్లి వచ్చి ‘పుస్తకంలో నడిచినట్టే ఉంది’ అంది.

కథ న్యాయస్థానంలో మొదలవుతుంది. బిడ్డను పోగొట్టుకున్న యువదంపతులు విడాకులు కోరితే న్యాయమూర్తి ఒలీవియా నిరాకరిస్తుంది. ఈ తీర్పు మీదే మేము ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. ‘పెద్దలు కల్పించుకుని కాపురం నిలబెట్టడం’ మనకు తెలిసిన సంగతే. అది మేలు చేసిన ఇళ్లు చూశాం, ప్రాణం తీసిన ఇళ్లూ చూశాం. న్యాయమూర్తి అలా చేయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా ఆ దంపతుల శోకాన్ని రాసిన తీరుకు తలవంచుతాను.

ఇక్కడ ఒక జంట కథ ఒక పుస్తకంలో పూర్తికాదు. గ్రంథాలయంలో పనిచేసే గ్రేస్, కనబడకుండా పోయిన ఆమె భర్త, పత్రిక సంపాదకుడు, అద్దెగది యజమానులు అందరూ ఒకరి కథలోంచి ఇంకొకరి కథలోకి వస్తూ పోతూ ఉంటారు. వారపత్రికలో సీరియల్ కోసం ఎదురుచూసి చదివిన తరానికి ఈ పద్ధతి వెంటనే పట్టుబడుతుంది. ఒక్క జంట మీదే మనసు పెట్టి చదవాలనుకునేవారికి మాత్రం పేర్లు గుర్తుపెట్టుకోవడమే పనవుతుంది. వరుసగా చదవాలి, తప్పదు. ఆ వరుస కనిపెట్టడానికి రచయిత్రి చక్కని వీలు కల్పించారు: పేర్లన్నీ ఇంటి చిరునామాలే, ఆ అంకెల మొదట్లోనే పుస్తకం వరుస ఉంటుంది. 16తో మొదటిది, 204తో రెండోది, 311తో మూడోది, అలా 1225తో పన్నెండోది. పాత పుస్తకాల దుకాణంలో చేతికందినప్పుడు ఇది ఎంతో ఉపయోగం.

బూన్స్‌బొరో

నోరా రాబర్ట్స్ రాసిన మూడు పుస్తకాల చిన్న వరుస. ఊరు నిజమైనది, మేరీలాండ్‌లో ఉంది. కథ తిరిగే సత్రం కూడా నిజమే. రచయిత్రి పాత భవనాన్ని కొని బాగుచేయిస్తుండగా 2008లో అగ్నిప్రమాదం జరిగింది. మళ్లీ కట్టి 2009లో తెరిచారు. సాహిత్యంలో కథ సుఖాంతమైన జంటల పేర్లు గదులకు పెట్టారు. నవలలో ముగ్గురు అన్నదమ్ములు, వారి తల్లి ఆ సత్రాన్నే బాగుచేస్తూ ఉంటారు. టైల్స్, రంగులు, తలుపుల పిడుల గురించి పేజీలకు పేజీలు నడుస్తాయి. ఇల్లు కట్టించుకున్నవారికి అది పండుగ, మిగతావారికి సాగదీత. ముగ్గురు పిల్లల తల్లి అయిన వితంతువు క్లేర్ నాయికగా ఉన్న మొదటి పుస్తకమే మిగతా రెంటికంటే మేలు. పెద్ద వరుసలంటే భయపడేవారు ఇక్కడ మొదలుపెట్టవచ్చు.

నాకెమౌట్

అభిప్రాయాలు నిట్టనిలువునా చీలిపోయే పుస్తకం ఇది. పెళ్లి పీటల నుంచి పారిపోయిన నేయోమి కవల సోదరిని ఆదుకోవడానికి వర్జీనియాలోని ఈ ఊరికి వస్తుంది. ఆ సోదరి ఆమె కారు, డబ్బు దొంగిలించి, పదకొండేళ్ల కూతురిని వదిలి మాయమవుతుంది. ఊరివాళ్లు నేయోమిని చూసి సోదరే అనుకుని మండిపడతారు. ఒకరి చెడ్డపేరు ఇంకొకరి మీద పడడం, దాన్ని ఒక్కొక్క ఇంట్లో విడివిడిగా తుడుచుకోవలసి రావడం, మన ఊళ్లలో ఆడపిల్లలకు ఇది కొత్త కాదు. లూసీ స్కోర్ ఆ భాగం బాగా రాశారు. పిల్లకూ పిన్నికీ మధ్య నమ్మకం పెరిగే పేజీలు ఇంకా బాగున్నాయి. నా దృష్టిలో ఈ నవలలో అసలు ప్రేమకథ అదే.

నాయకుడు నాక్స్ దగ్గరే పేచీ. అరుస్తాడు, ఆజ్ఞాపిస్తాడు, ఆమె బాగు కోసమే అంటాడు. అభిమానులు ‘లోపల వెన్న’ అంటారు. అమెరికాలో ఉన్న మా మేనకోడలికి అతనంటే ప్రాణం. నేను ఆమెతో ఏకీభవించలేను. ‘నీకేం తెలియదు, నేను చూసుకుంటాను’ అన్న మాట నిజజీవితంలో విన్న స్త్రీలకు అది ప్రేమగా వినిపించడం కష్టం. అయితే నేయోమి అణగిపోయే మనిషి కాదు, ఎదురు మాట్లాడుతుంది, ఇది ఒప్పుకోవాలి. పుస్తకం నాలుగు వందల పేజీలు దాటుతుంది, తిట్లు దండిగా ఉంటాయి, శృంగారం దాపరికం లేకుండా ఉంటుంది. ఇద్దరి గొంతుల్లో మార్చి మార్చి చెప్పిన కథ కాబట్టి వేగంగా సాగుతుంది.

డ్రీమ్ హార్బర్

లారీ గిల్‌మోర్ రాసిన ఈ పుస్తకానికి 2024లో బ్రిటన్, ఐర్లాండ్‌ల టిక్‌టాక్ పుస్తక పురస్కారం వచ్చింది. పిన్ని అప్పగించిన కాఫీ దుకాణం నడపడానికి వచ్చిన జీనీ, ముభావంగా ఉండే రైతు లోగన్. కథలో మలుపులు తక్కువ. కాఫీ వాసన, ఆకురాలు కాలం, ఊరి సమావేశాలు, ఇంతే. అలసిపోయిన రోజున ఇంతే కావాలనిపిస్తుంది కూడా. ఇంకా తేలికగా, శృంగారం కూడా మితంగా కావాలంటే జెనీ కోల్గన్ రాసిన ‘లిటిల్ బీచ్ స్ట్రీట్ బేకరీ’ ఇంతకంటే మంచిది. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ తీరాన, పోటు వచ్చినప్పుడల్లా దారి మునిగిపోయే ఊళ్లో రొట్టెలు కాల్చే పాలీ కథ అది. అందులో సముద్రం మీద బతికేవారి కష్టం కూడా ఉంది.

సన్‌షైన్ ఫాల్స్

ఎమిలీ హెన్రీ ఈ కథలన్నిటినీ తిరగేసి అడిగారు: చిన్న ఊరి పిల్ల కోసం నాయకుడు వదిలేసి వచ్చిన నగరపు స్త్రీ సంగతి ఏమిటి? నోరా ఆ స్త్రీ. న్యూయార్క్‌లో రచయితల తరఫున పుస్తకాల బేరాలు కుదిర్చే ఏజెంటు. చెల్లెలి కోరిక మీద నార్త్ కరోలినాలోని ఊరికి వెళ్తే అది ఊహించినంత అందంగా ఏమీ ఉండదు. అక్కడ తారసపడేది న్యూయార్క్‌లో తనకు పరిచయమున్న సంపాదకుడు చార్లీ.

ఉద్యోగంలో గట్టిగా ఉన్నందుకు ‘కఠినురాలు’ అనిపించుకున్న ప్రతి స్త్రీకీ ఇది తన పుస్తకమే అనిపిస్తుంది. తల్లి పోయాక చెల్లెలికి తల్లైన అక్క భారం ఇందులో ప్రేమకంటే లోతుగా ఉంది. అందుకే ‘ప్రేమ తక్కువైంది’ అని కొందరు, ‘అక్కాచెల్లెళ్ల కోసమే చదివాం’ అని మరికొందరు. ఊరి ఆదరణ కోసం వచ్చేవారికి ఇక్కడ అది దొరకదు. సంభాషణలన్నీ చమత్కారాలు, పుస్తక ప్రచురణ రంగపు మాటలు. ఇంగ్లీషులో అయిదారు నవలలు చదివాక తీస్తే రుచి తెలుస్తుంది. ఒక్క పుస్తకంతో కథ పూర్తి.

రేవెన్స్‌వుడ్

పై ఊళ్లన్నిటిలో దాదాపు అందరూ శ్వేతజాతీయులే. అమెరికా పాఠకులే ఈ మాట ఏళ్లుగా ఎత్తిచూపుతున్నారు. అక్కడ నివసించే మా వాళ్లకు ఇది ఇంకా సూటిగా తగిలింది. ‘నా చర్మం రంగుతో నేను ఆ ఊళ్లో దిగితే అంత ఆప్యాయంగా గిన్నెలు తెచ్చేవారా?’ అని ఒకామె అడిగినప్పుడు ఎవరం మాట్లాడలేకపోయాం. టలియా హిబర్ట్ ఇంగ్లండ్‌లోని చిన్న ఊరి కథలో ఆ ప్రశ్నకు దగ్గరగా వస్తారు. రూత్ నల్లజాతి యువతి, ఆటిజం ఉన్న కామిక్ చిత్రకారిణి, ఊరంతా చెడుగా చెప్పుకునే మనిషి. ఊళ్లో పలుకుబడి ఉన్నవాడితో ఒకప్పటి సంబంధం ఆమె మెడకు చుట్టుకుంటుంది. కొత్తగా వచ్చినవాడు ఇక్కడ నాయకుడు ఎవాన్. పుకార్లు విన్నా ఆమెను తన కళ్లతోనే చూస్తాడు. ఓర్పులో వర్జిన్ రివర్ జాక్ కూడా ఇతని తరువాతే. హింసాత్మకమైన పాత సంబంధం ప్రస్తావన ఉంది, శృంగారం విపులంగా ఉంది. ఈ రెండూ భరించగలిగితే, ఊరి నోటికి భయపడి పెరిగిన తెలుగు స్త్రీకి నేను మొదట చేతికిచ్చే పుస్తకం ఇదే.

అభిప్రాయాలు చదివేటప్పుడు

పొగడ్తలు దాదాపు అన్నిటికీ ఒకటే: హాయిగా ఉంది, ఊళ్లో ఉండిపోవాలనిపించింది. ఉపయోగపడేవి ఫిర్యాదులే. రెండు, మూడు నక్షత్రాలు ఇచ్చినవారు ఏం భరించలేకపోయారో చూడండి. ‘ఇంటి మరమ్మతు వర్ణన ఎక్కువ’ అన్న ఫిర్యాదు చదివి నేను బూన్స్‌బొరో కొన్నాను, ఎందుకంటే నాకు కావలసింది అదే. ‘అందరూ అందరి విషయాల్లో తలదూరుస్తారు’ అన్న మాట చదివి మా అమ్మకు సీడర్ కోవ్ ఇచ్చాను.

ఎవరికి ఏది

ఇంగ్లీషులో మొదటి నవల వెతుక్కునేవారికి సీడర్ కోవ్. చిన్న వాక్యాలు, ఇంటి మాటలు, మధ్యలో ఆపినా దారి తప్పరు. ఆసుపత్రుల్లో, బడుల్లో పనిచేసేవారికి వర్జిన్ రివర్ దగ్గరగా అనిపిస్తుంది. ఈ మధ్యే ఆప్తులను పోగొట్టుకున్నవారు మాత్రం ఈ రెంటినీ కొంతకాలం పక్కన పెట్టి కార్న్‌వాల్ రొట్టెల దుకాణానికి వెళ్లడం మంచిది. అందులోనూ కన్నీళ్లున్నాయి కానీ గుండె మీద బండలా కూర్చోవు.

ముక్కోపి నాయకుడు కావాలి, అయినా అతను మీద పడి అరవకూడదు అనుకుంటే డ్రీమ్ హార్బర్‌లోని లోగన్ చాలు. అరిచినా ఫరవాలేదు, కథ ఉరకాలి అనుకుంటే నాకెమౌట్. తల్లీకూతుళ్లు కలిసి చదవాలనుకుంటే ఆ రెండూ వద్దు, సన్‌షైన్ ఫాల్స్ కూడా కూతురు పెద్దదైతేనే.

ప్రయాణమైతే బూన్స్‌బొరో ఒక్కటి సంచిలో వేసుకోండి. మా అమ్మ ఇప్పుడు సీడర్ కోవ్‌లో ఆరో ఇంటి దగ్గర ఉంది. ఏడో పుస్తకం కోసం అబిడ్స్‌లో ఆదివారం పూట కాలిబాట మీద పరిచే పాత పుస్తకాల్లో వెతుకుతున్నాను. 74తో మొదలయ్యే పేరు కనబడితే చాలు.